మన పేరు మీద ముప్పై ఏళ్ళ అప్పు

ఏప్రిల్ రెండో వారం వచ్చిందంటే మా సబ్‌డివిజన్ (ఇళ్ళ కాలనీ) వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే హడావిడి. "నోటీసు వచ్చిందా? మీకెంత వేశాడు? ఎవరితో ప్రొటెస్ట్ చేయిస్తున్నారు?" కౌంటీ అప్రైజల్ ఆఫీసు మన ఇంటి విలువ ఇంత అని ఉత్తరం పంపుతుంది, దాని మీద మామూలుగా మే 15 లోపు అభ్యంతరం పెట్టుకోవాలి. ఈ పనిలో మనవాళ్ళకి ఉన్న ఓపిక ఎవరికీ లేదు. పక్క వీధుల్లో ఇళ్ళు ఎంతకి అమ్ముడయ్యాయో పట్టుకుంటారు, ఫౌండేషన్ పగుళ్ళకి ఫొటోలు తీస్తారు, ఎక్సెల్ షీటు వేసుకుని, ఆఫీసుకి సెలవు పెట్టి మరీ హియరింగ్‌కి వెళ్తారు. అంతా చేస్తే ఏడాదికి రెండొందలో మూడొందలో డాలర్లు మిగులుతాయి. మంచిదే, నేనూ చేస్తాను.

సరిగ్గా అదే రోజుల్లో, మే మొదటి శనివారం, ఊళ్ళో ఎన్నిక జరుగుతుంది. స్కూల్ బోర్డు, సిటీ కౌన్సిల్, చాలాసార్లు వాటితో పాటు ఒక బాండు, అంటే బడికో సిటీకో అప్పు తెచ్చుకోవడానికి మన అనుమతి. ఇరవై, ముప్పై ఏళ్ళ పాటు మన ఇంటి మీద ఎంత పన్ను పడాలో తేలేది అక్కడే. టెక్సాస్‌లో మే ఎన్నికలకి చాలా చోట్ల నమోదైన ఓటర్లలో పదిమందికి ఒక్కరు కూడా రారు. హియరింగ్‌కి సెలవు పెట్టిన మనిషే, ఆ శనివారం కాస్ట్‌కోకి వెళ్తూ బూత్ పక్కనుంచే కారు పోనిస్తాడు.

డాలస్ ఉత్తరం వైపు ఊళ్ళలో ఉంటున్న తెలుగువాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఖర్చు, అప్పు, పన్ను విషయాల్లో నేను కన్సర్వేటివ్‌ని. ఆ మాట దాచుకోవాల్సిన పని లేదు. ఒంగోలు దగ్గర ఒక పల్లెలో బడిపంతులుగా పనిచేసిన మా నాన్న, జీతం వచ్చిన రోజే చిన్న నోటుపుస్తకంలో బియ్యానికింత, పాలకింత, మా ఫీజులకింత అని రాసి, చివరి గీత కింద ఏమైనా మిగిలితేనే పండక్కి బట్టలు అనేవారు. ఇక్కడ మా ఇంట్లో లెక్కలు చూసేది నేనే. ఆ పద్ధతిలోనే చూస్తాను. స్థానిక ఎన్నికల్లో ఓటు ఎలా వెయ్యాలని నన్నడిగితే, ఆ నోటుపుస్తకం పద్ధతిలోనే వెయ్యమంటాను. బాండు అడిగితే మన మొదటి జవాబు "వద్దు". ఆ "వద్దు"ని "సరే"గా మార్చుకోవాల్సిన బాధ్యత అడిగేవాళ్ళది.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. పౌరసత్వం వచ్చాక నేను వేసిన తొలి ఓట్లలో ఒకటి మా ఐఎస్‌డీ (ఊరి బడుల్ని నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్) బాండు మీద. పిల్లలు ఎలిమెంటరీలో ఉన్నారు. బ్యాక్‌ప్యాక్‌లో రంగురంగుల కాగితం వచ్చింది, పిల్లల బొమ్మలు, కొత్త లైబ్రరీ బొమ్మ. పిల్లల బడికి కాదనడం ఏమిటి అనుకుని అన్నిటికీ "ఫర్" నొక్కి వచ్చాను. ఎంత అప్పో, ఎన్నేళ్ళో, దేనికో చదవలేదు. ఆ డబ్బుతో మా బడికి కొత్త రూఫ్ వేశారు, లైబ్రరీలో కొత్త ఫర్నిచర్ పెట్టారు. రెండేళ్ళు తిరిగేసరికి, చుట్టుపక్కల చిన్నపిల్లలు తగ్గిపోయారని అదే బడిని మూసేశారు. ఆ చివరి వారంలో మా చిన్నదాన్ని తీసుకురావడానికి వెళ్ళినప్పుడు, ఇంకా ప్లాస్టిక్ కవరు పూర్తిగా ఊడని కుర్చీలని ట్రక్కులో ఎక్కిస్తున్నారు. ఆ అప్పు మాత్రం ఎక్కడికీ పోలేదు. మా బిల్లులో ఇంకా ఉంది, నేను రిటైరయ్యే వయసు దాకా ఉంటుంది.

పిల్లలు తగ్గడం మా ఒక్క ఊరి సంగతి కాదు. ప్లేనో ఐఎస్‌డీ 2024లో నాలుగు బడులు మూసెయ్యాలని తీర్మానించింది. ఫ్రిస్కో అంటే మనవాళ్ళకి ఎప్పుడూ పెరుగుతూనే ఉండే ఊరని లెక్క, అక్కడ కూడా స్టేలీ మిడిల్ స్కూల్‌ని 2024–25 విద్యాసంవత్సరంతో ఆపేశారు. పాతిక, ముప్పై ఏళ్ళ కిందట కట్టిన సబ్‌డివిజన్లలో పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయారు, తల్లిదండ్రులు ఆ ఇళ్ళలోనే ఉన్నారు. కొత్తగా పెళ్ళైన జంటలకి ఆ ధరల్లో ఇల్లు అందదు. వాళ్ళు ఇంకా ఉత్తరానికి, సెలీనా వైపు వెళ్తున్నారు. పిల్లలెక్కడుంటారో పదేళ్ళ తర్వాత ఎవరికీ తెలియనప్పుడు, ముప్పై ఏళ్ళ అప్పు మీద కట్టే ప్రతి గోడకీ గట్టి కారణం అడగాలి కదా.

ఇక లెక్క. ఇది కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ప్రచారంలో ఎక్కువ తికమక పెట్టేది ఇక్కడే.

టెక్సాస్‌లో రాష్ట్ర ఇన్‌కం ట్యాక్స్ లేదు, కాబట్టి ఊరి ఖర్చుల బరువంతా చాలావరకు ఇంటి పన్ను మీద పడుతుంది. మా బిల్లులో సగానికి పైగా స్కూలుదే. ఆ స్కూలు పన్ను రెండు ముక్కలు. మొదటిది ఎం అండ్ ఓ, అంటే రోజువారీ నడక: టీచర్ల జీతాలు, కరెంటు, బస్సు డీజిలు. రెండోది ఐ అండ్ ఎస్, అంటే అప్పు మీద అసలూ వడ్డీ. బాండు డబ్బు రెండో ముక్కకి చెందింది. అందులోంచి టీచరుకి ఒక్క డాలరు జీతం ఇవ్వడానికి లేదు. నాకు తెలిసిన తల్లులు చాలామంది "టీచర్లకి జీతాలు పెంచుతారట" అని బాండుకి ఓటేశారు. పాపం, ఎవరూ వాళ్ళకి ఈ తేడా చెప్పలేదు. టీచర్ల కోసం అడిగే ఓటు వేరే ఉంటుంది, దాన్ని వాట్రీ అంటున్నారు. ఎం అండ్ ఓ రేటుని చట్టం పెట్టిన హద్దు దాటించాలంటే అడగాల్సిన అనుమతి అది. రెండూ ఒకే బ్యాలెట్ మీద పక్కపక్కనే వస్తే ఎవరికైనా కలిసిపోతాయి.

ఇప్పుడు ఆ ప్రసిద్ధమైన మాట: "పన్ను రేటు పెరగదు." పోస్టర్ల మీద ఇదే ఉంటుంది. అదే బాండు బ్యాలెట్ మీద, 2019లో వచ్చిన చట్టం వల్ల, "ఇది ప్రాపర్టీ ట్యాక్స్ పెంపు" అని పెద్దక్షరాల్లో ఉంటుంది. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కావాలి కదా అని మా ఆయన అడిగారు. రెండూ నిజమే. కారు లోనుకి నెలకి 500 కడుతున్నాం అనుకోండి. వచ్చే ఏడాదితో లోను అయిపోతుంది, ఆ 500 మన చేతిలో మిగలాలి. ఈలోపు సేల్స్‌మన్ వచ్చి, కొత్త కారు తీసుకోండి, మీ నెలసరి కట్టు పెరగదు అంటాడు. పెరగదు, నిజమే. తగ్గాల్సింది తగ్గదు, అంతే. పాత బాండ్లు తీరే కొద్దీ ఐ అండ్ ఎస్ రేటు దిగాలి. దిగకుండా ప్రతిసారీ కొత్త అప్పుతో ఆ ఖాళీ నింపుతారు. రేటు నిలబడే ఉంటుంది, ఇంటి విలువ పెరిగే కొద్దీ బిల్లు పెరుగుతుంది.

అంకెల్లో: మినహాయింపులన్నీ పోగా పన్ను పడే విలువ 5 లక్షల డాలర్లు ఉన్న ఇంటికి, రేటులో ఒక్క సెంటు (వంద డాలర్ల విలువకి) అంటే ఏడాదికి 50 డాలర్లు. ఐ అండ్ ఎస్ పాతిక సెంట్లు ఉన్న చోట 1,250 డాలర్లు ఒక్క అప్పు మీదే పోతున్నాయి. వడ్డీ వేరే చూడండి. వంద మిలియన్ల బాండుని 4 శాతానికి ముప్పై ఏళ్ళు సమాన వాయిదాల్లో తీర్చితే, చివరికి కట్టేది దాదాపు 173 మిలియన్లు. పోస్టర్ మీద మాత్రం వంద ఉంటుంది.

నాకు ఈ లెక్క తలకెక్కింది ఎస్క్రో (లోను కట్టుతో పాటే ఇంటి పన్ను వసూలు చేసే ఖాతా) ఉత్తరం వచ్చిన రోజున. లోను కంపెనీ నుంచి తెల్ల కవరు, లోపల "ఎస్క్రో షార్టేజ్" అని ఒక కాగితం. వడ్డీ రేటు మారలేదు, ఇల్లు మారలేదు, నెలకి కట్టేది మాత్రం 212 డాలర్లు పెరిగింది. మా ఆయన ఫోన్ చేసి గొడవపడబోయారు. వాళ్ళదేముంది, పన్ను ఎంతైతే అంత వసూలు చేసి కట్టేస్తారు. పన్ను ఎస్క్రోలో కలిసిపోవడం వల్ల మనకి అది కనబడదు. చేత్తో చెక్కు రాసి జనవరి 31 లోపు కౌంటీకి ఇవ్వాల్సి వస్తే, మే ఎన్నిక గుర్తుండేది.

నా పక్షం మాత్రమే చెప్పి ఊరుకుంటే న్యాయం కాదు. బాండు కావాలనేవాళ్ళ మాటల్లో నిజం ఉంది. ఎం అండ్ ఓ డబ్బులో కొంత, ఆస్తి విలువ ఎక్కువున్న ఐఎస్‌డీల నుంచి రీక్యాప్చర్ పేరుతో రాష్ట్రం తీసుకుంటుంది. 1993 నుంచి ఉంది, జనం రాబిన్ హుడ్ అంటారు. ఐ అండ్ ఎస్ డబ్బు మాత్రం మొత్తం ఊళ్ళోనే ఉంటుంది. అందుకే చేతికొచ్చిన ప్రతి ఖర్చునీ బాండులో పెట్టాలని చూస్తారు. రాష్ట్రం ఒక్కో విద్యార్థికి ఇచ్చే మూల మొత్తం 2019లో 6,160 డాలర్లు చేశాక 2025 దాకా కదల్లేదు. 2025లో పెంచింది 55 డాలర్లు. మధ్యలో ధరలు ఎలా పెరిగాయో మనందరికీ తెలుసు. బోర్డులో కూర్చున్నవాళ్ళ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. ఆస్టిన్, అంటే రాష్ట్ర ప్రభుత్వం, తక్కువిచ్చిందని రెండేళ్ళలో పాతబడే వస్తువుని అప్పు మీద కొనడం మాత్రం ఆ ఇబ్బందికి పరిష్కారం కాదు. ఆస్టిన్ మీద చూపించాల్సిన కోపం మన పిల్లల భవిష్యత్తు జీతాల మీద తీర్చుకోకూడదు.

ఇంకొక సంగతి నన్ను భయపెడుతుంది. మనం ఇంటికి అప్పు అడిగితే బ్యాంకువాడు పే స్టబ్‌లు చూస్తాడు, కాదనగలడు. ఐఎస్‌డీ అప్పుకి కాదనేవాడు ఎవరు? అర్హత ఉన్న బాండ్లకి టెక్సాస్ పర్మనెంట్ స్కూల్ ఫండ్ అనే రాష్ట్ర నిధి హామీ ఉంటుంది, కాబట్టి కొనేవాళ్ళకి డబ్బు పోతుందన్న బెంగ లేదు. అటార్నీ జనరల్ ఆఫీసు పరిశీలించేది చట్టప్రకారం ఉందా లేదా అని, అవసరమా కాదా అని కాదు. డిజైన్ చేసే ఆర్కిటెక్టు, కట్టే కాంట్రాక్టరు, బాండు అమ్మించే సలహాదారు, వీళ్ళందరికీ బాండు నెగ్గితేనే పని. అవసరమా అని అడగగలిగినవాడు మొత్తం గొలుసులో ఓటరు ఒక్కడే. అతనూ రాకపోతే ఇంకెవరూ లేరు.

మరి దేనికి సరే, దేనికి వద్దు? రూఫ్ కారుతోంది, ఫైర్ అలారం పాతబడింది, ఆగస్టులో ఏసీ ఆగిపోతోంది అంటే నేను సరే అంటాను. టెక్సాస్ ఎండలో పిల్లలున్న గదికి ఏసీ విలాసం కాదు. 2022లో యువాల్డీ బడిలో జరిగిన కాల్పుల తర్వాత తలుపులు, తాళాలు, కెమెరాల దగ్గర నేను బేరం ఆడను. 2023లో రాష్ట్రం ప్రతి క్యాంపస్‌కీ సాయుధ అధికారి ఉండాలని చట్టం చేసి, క్యాంపస్‌కి 15,000 డాలర్లు చేతిలో పెట్టింది. ఒక అధికారి జీతానికి అది ఏ మూలకీ రాదు. ఊళ్ళు ఇబ్బంది పడుతున్న మాట వాస్తవం. అయినా రిపేర్లకి సరే అంటూనే ఒక ప్రశ్న అడుగుతాను: ఏటా చెయ్యాల్సిన మరమ్మతు చెయ్యకుండా ఇరవై ఏళ్ళు వదిలేసి, అంతా ఒకేసారి అప్పుగా ఎందుకొచ్చింది? జవాబు సరిగా చెప్పిన బోర్డుని నమ్ముతాను.

పిల్లలు నిజంగా పెరుగుతున్న చోట కొత్త బడికీ సరే అంటాను. పోర్టబుల్ గదుల్లో పిల్లల్ని కూర్చోబెట్టి పొదుపు చేశామని చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. ఈ విషయంలో నాకు బాగా నచ్చిన ఊరు ప్రాస్పర్. 2023 నవంబరులో అక్కడ బడుల నిర్మాణానికి రెండు బిలియన్లకు పైగా అప్పుకి ఓటర్లు ఒప్పుకున్నారు. అదే బ్యాలెట్ మీద ఉన్న కొత్త స్టేడియాన్ని కాదన్నారు. ఊరు పెరుగుతోందని వాళ్ళకి తెలుసు, పెరిగే ఊరికి ఏది కావాలో ఏది వద్దో కూడా తెలుసు. అలా విడదీసి ఓటెయ్యగలగడం 2019 మార్పుల పుణ్యమే. అంతకుముందు చాలాసార్లు అన్నీ ఒకే మూటలో కట్టి అడిగేవాళ్ళు. ఇప్పుడు పెద్ద స్టేడియం, ఈతకొలను, పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ హాలు, ల్యాప్‌టాప్‌ల్లాంటి టెక్నాలజీ, వీటిని వేర్వేరు ప్రొపోజిషన్లుగా, అంటే బ్యాలెట్ మీద విడివిడి ప్రశ్నలుగా పెట్టాలి. చట్టం ఇచ్చిన ఆ సదుపాయాన్ని వాడుకోండి. ప్రొపోజిషన్ ఏకి సరే అన్నామని బీకి, సీకి సరే అనక్కర్లేదు.

స్టేడియాల సంగతి ఎత్తితే మా పిల్లాడికి కోపమొస్తుంది, వాడికి ఫుట్‌బాల్ ప్రాణం. నాకూ శుక్రవారం రాత్రి ఆట ఇష్టమే. బ్యాండు, డ్రిల్ టీము, ఊరంతా ఒక చోట కూర్చోవడం, అది ఈ రాష్ట్రానికి పండగ. కానీ ఆలెన్ చూడండి. 2009లో ఓటర్లు ఒప్పుకున్న బాండులోంచి దాదాపు 60 మిలియన్లతో 18,000 మంది పట్టే హైస్కూల్ స్టేడియం కట్టారు. 2012లో తెరిచారు. 2014 ఫిబ్రవరిలో కాంక్రీటులో పగుళ్ళు వచ్చాయని మూసేశారు. ఆ ఏడాది సీజన్ మొత్తం పిల్లలు సొంత స్టేడియంలో ఆడలేదు. పక్కనున్న మెకిన్నీ ఇదంతా చూస్తూనే 2016లో తన స్టేడియానికి ఓటేసింది. అది 2018లో తెరుచుకునే సరికి ఖర్చు 70 మిలియన్ల దాకా చేరింది, తెరవకముందే అక్కడా పగుళ్ళు కనిపించాయి. పక్కూరికుంటే మనకీ ఉండాలనే పోటీ తప్ప నాకు ఇందులో చదువు కనబడదు. మన పెళ్ళిళ్ళలో మండపాల పోటీ చూసినవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు, ఆ అప్పులు ఎవరు తీరుస్తారో కూడా మనకి తెలుసు.

ల్యాప్‌టాప్‌ల మీద నా మాట ఇంకా గట్టిది. నాలుగేళ్ళలో పాడయ్యే వస్తువుకి ఎన్నేళ్ళ అప్పో అడగండి. నాలుగైదేళ్ళలో తీర్చేలా విడిగా అమ్ముతామని రాసి చెప్తే ఆలోచించవచ్చు. చెప్పకపోతే వద్దు. మా చిన్నదాని క్రోమ్‌బుక్ ఎనిమిదో క్లాసులో స్క్రీన్ పోయి చెత్తలోకి వెళ్ళింది. దాని డబ్బు అది కాలేజీ అయ్యాక కూడా కట్టే పరిస్థితి నాకొద్దు.

తెలుగువాళ్ళ ఇళ్ళలో నేను ఎక్కువగా వినే వాదన ఒకటుంది. "బడి పేరు బాగుంటేనే ఇంటి ధర నిలబడుతుంది. బాండు పోతే రేటింగ్ పడిపోతుంది." ఈ ప్రాంతానికి మనం వచ్చిందే బడుల కోసం, కాబట్టి ఈ భయం నాకు తెలుసు. ఒక్కసారి ఆలోచించండి. ఆ రేటింగ్ ఎక్కడినుంచి వచ్చింది? మంచి టీచరు, ఇంట్లో రాత్రి పదింటి దాకా పక్కన కూర్చున్న తల్లిదండ్రులు, చదివిన పిల్లలు. టీచరుకి బాండులోంచి జీతం రాదని ముందే చెప్పాను. ఇంటి ధర పెరిగితే ఆ లాభం అమ్మిన రోజున వస్తుంది, పన్ను ఏటా వస్తుంది. ఫ్రిస్కోలో 2024 నవంబరులో ఐఎస్‌డీ అడిగిన నాలుగు ప్రొపోజిషన్లూ, పన్ను రేటూ బిలియన్ డాలర్లు దాటిన బాండూ కలిపి, ఓడిపోయాయి. 2025 మేలో సిటీ అడిగిన పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ సెంటరునీ జనం వద్దన్నారు. అదే 2024 నవంబరులో హ్యూస్టన్ ఐఎస్‌డీ 4.4 బిలియన్లు అడిగింది, అప్పటికి టెక్సాస్ చరిత్రలోనే అంత పెద్ద స్కూలు బాండు లేదు, దాన్నీ ఓటర్లు తిప్పి పంపారు. వద్దన్న ఊరు బడికి శత్రువని కాదు. తగ్గించి, విడదీసి, మళ్ళీ రమ్మన్నారు. కేటీ ఐఎస్‌డీ 2013లో ఓడిపోయి, 2014లో వేరే ప్యాకేజీతో వచ్చి నెగ్గింది. ఒకసారి వద్దంటే తలుపు శాశ్వతంగా మూసుకుపోదు.

అరవై అయిదు దాటినవాళ్ళకి చెప్పే మాట ఇంకొకటి: "మీ స్కూలు పన్ను ఫ్రీజ్ అయింది, మీకేమీ పెరగదు, ఓటెయ్యండి." ఆ సీలింగ్ నిజమే. పెద్దవాళ్ళకి ఆ రక్షణ ఉండాల్సిందే. దాన్ని ఓటు అడగడానికి వాడటం మాత్రం నాకు మింగుడుపడదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, తమ మీద పడని అప్పుకి వాళ్ళచేత సరే అనిపించి, బరువుని పక్కింట్లో మొదటి ఇల్లు కొన్న జంట మీద వెయ్యడం అది.

ఆ పక్కింటి జంట మాటకొస్తే, మా పక్కింట్లో గుంటూరు అబ్బాయి ఉన్నాడు. పన్నెండేళ్ళుగా గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాడు. ఏడాదికి పదకొండు వేలు ఇంటి పన్ను కడతాడు. ఓటు లేదు, పౌరులకే ఉంటుంది కాబట్టి. ఒక సాయంత్రం తన బిల్లు పట్టుకొచ్చి, "అక్కా, ఈ ఐ అండ్ ఎస్ ఏంటి? నన్నెవరూ అడగలేదే" అన్నాడు. ఏం చెప్పను? నన్నడిగారు. నేను చదవకుండా ఓటేశాను. మా వీధిలో పన్నెండు తెలుగు ఇళ్ళున్నాయి, అందులో ఓటున్నవి నాలుగు. ఆ నాలుగు ఇళ్ళూ మిగతా ఎనిమిదింటి తరఫున కూడా వేస్తున్నట్టే. ఆ రోజు నుంచి నేను ఒక్క ఎన్నికా మానలేదు.

నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు బ్యాలెట్ చూపిస్తే చాలాసేపు చూశారు. "ఊళ్ళో బడి కట్టడానికి అప్పు చెయ్యాలంటే మిమ్మల్ని అడుగుతారా అమ్మా?" అన్నారు. 2018లో హైదరాబాద్ కార్పొరేషన్ 200 కోట్ల బాండ్లు అమ్మింది, అదే ఏడాది అమరావతి పేరు మీద సీఆర్‌డీఏ 2,000 కోట్లు 10.32 శాతం వడ్డీకి తెచ్చింది. అప్పుడు అక్కడ ఎవరి ఇంటికీ బ్యాలెట్ రాలేదు. అవి మంచివా చెడ్డవా అన్నది వేరే చర్చ. అడిగే పద్ధతే అక్కడ లేదు. ఇక్కడ అడుగుతున్నారు. అడిగితే జవాబు చెప్పకపోవడం నాన్నకి అస్సలు అర్థం కాలేదు.

సిటీ సంగతి కొంచెం. రోడ్లు, డ్రైనేజీ, ఫైర్ స్టేషన్, పోలీసు, వీటికి నేను సాధారణంగా సరే అంటాను, సిటీ ఉన్నదే వాటికి. కానీ సిటీలకి ఓటరుని అడగకుండా అప్పు తెచ్చుకునే దారి ఒకటుంది, సర్టిఫికెట్ ఆఫ్ ఆబ్లిగేషన్ అంటారు. పేపర్లో చిన్న నోటీసు వేస్తారు. నమోదైన ఓటర్లలో 5 శాతం మంది సంతకాలు పెట్టి ఇస్తే తప్ప ఓటింగ్ ఉండదు. పెద్ద ఊళ్ళో అన్ని సంతకాలు తేవడం ఎంత కష్టమో ఊహించండి. కౌన్సిల్ అభ్యర్థి ఓటు అడగడానికి వస్తే నేను మొదట అడిగేది ఇదే: తుఫానో, వరదో కాకుండా మామూలు పనికి మమ్మల్ని అడగకుండా అప్పు తెస్తారా?

అభ్యర్థుల దగ్గర మనకి అసలు ఇబ్బంది, స్కూల్ బోర్డు, సిటీ కౌన్సిల్ బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు. అందుకే సిఫార్సుల జాబితాలు తిరుగుతాయి. "కన్సర్వేటివ్" అని మెయిలర్ మీద వేసుకున్నంత మాత్రాన నేను ఓటెయ్యను. ఇప్పటికే బోర్డులో ఉన్నవాళ్ళయితే పోయిన ఏడాది పన్ను రేటు మీద చెయ్యెత్తారా లేదా అన్నది మినిట్స్‌లో ఉంటుంది. కొత్తవాళ్ళయితే వాళ్ళకి విరాళాలు ఎవరిచ్చారో ఫైలింగుల్లో ఉంటుంది. ఆ జాబితాలో ఆర్కిటెక్టులూ నిర్మాణ కంపెనీలూ కనిపిస్తే నాకు అనుమానం. ట్రస్టీలకి జీతం లేదు, వాళ్ళ సమయాన్ని గౌరవిస్తాను. ఆ గౌరవంతోనే అడుగుతాను: బడ్జెట్ వర్క్‌షాపులకి ఎన్నిటికి వచ్చారు, మన ఐఎస్‌డీ మొత్తం అప్పెంత? టెక్సాస్ బాండ్ రివ్యూ బోర్డు దగ్గర ప్రతి ఊరి అప్పూ ఉంటుంది. ఆ అంకె సుమారుగానైనా నోటికి రానివాళ్ళకి ఇంకో అప్పు చేసే అధికారం ఎలా ఇస్తాం?

ఇంకొక మాట, చెప్పక తప్పదు. "మనవాడు నిలబడ్డాడు, వేసెయ్యండి" అని మెసేజ్‌లు వస్తాయి. తెలుగువాడని, మన జిల్లావాడని, లోపల్లోపల మన కులంవాడని కూడా. మనవాళ్ళు పోటీ చెయ్యడం నాకు సంతోషం. కానీ అక్కడ వదిలేసి వచ్చామనుకున్న లెక్కలతో ఇక్కడ ఓటెయ్యడం మన పిల్లలకి నేర్పకూడదు. మనవాడినీ అవే ప్రశ్నలు అడగండి. నేనొకసారి అడిగాను. అప్పు అంకె చెప్పలేకపోయాడు, మొహమాటపడ్డాం ఇద్దరం. నేను వేరేవాళ్ళకి వేశాను.

ఓటున్నవాళ్ళు చెయ్యాల్సింది కష్టమేం కాదు. కౌంటీ ఎన్నికల వెబ్‌సైట్‌లో నమూనా బ్యాలెట్ దొరుకుతుంది. కాగితం మీద ప్రింట్ తీసుకోండి, ఎందుకంటే ఓటింగ్ మెషీన్లకి 100 అడుగుల లోపల ఫోన్ వాడనివ్వరు, వాట్సాప్‌లో వచ్చిన జాబితా అక్కడ పనికిరాదు. కొత్తగా పౌరసత్వం వచ్చినవాళ్ళు ఎన్నికకి 30 రోజుల ముందే నమోదు చేసుకోవాలి.

ఈసారి నా కాగితం డైనింగ్ టేబుల్ మీద ఉంది. ప్రొపోజిషన్ ఏలో రిపేర్లు, తలుపులు, ఫైర్ అలారాలు. రెండు రాత్రులు కూర్చుని బడుల వారీ జాబితా చూశాను. మూసే ఆలోచన ఉన్న బడి అందులో ఉందా అని ఐఎస్‌డీకి మెయిల్ పెట్టాను, లేదని రాతపూర్వకంగా జవాబు వచ్చింది. సరే అని గీత పెట్టాను. ప్రొపోజిషన్ బీ డివైసులు. ఎన్నేళ్ళ అప్పని అడిగితే స్పష్టంగా చెప్పలేదు. వద్దు. ప్రొపోజిషన్ సీ స్టేడియంలో కొత్త టర్ఫ్, కొత్త స్కోర్‌బోర్డు. మా పిల్లాడు చూస్తుండగానే వద్దు అని గీత పెట్టాను, వాడు అన్నం మధ్యలో లేచి వెళ్ళిపోయాడు. రాత్రి వచ్చి ఐ అండ్ ఎస్ అంటే ఏంటని అడిగాడు.

శనివారం ఉదయం ఏడింటికి బూత్ తెరుస్తారు. నేనూ మా ఆయనా వెళ్తున్నాం. పిల్లల్ని తను చూసుకుంటానని పక్కింటి గుంటూరు తమ్ముడు అన్నాడు.